గంగమ్మకు ఎవరి గాజులు?

ఇందుకూరుపేట నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన, రొయ్యల గుంటల నడుమ ఒక ఊరుంది. గంగమ్మ జాతర నాడు ఆ ఊళ్ళో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే గాజుల బీజాన్ తలస్నానం చేసి, గాజుల మలారం భుజాన వేసుకుని గుడికి పోతుంది. మొదటి గాజులు అమ్మవారి చేతికి వేస్తుంది. తర్వాత గుడి ముందు కూర్చుంటుంది. ఊరి ముత్తయిదువలు పాత గాజులు తీసేసి, మణికట్టుకు పసుపు దారం కట్టుకుని వచ్చి ఆమె ముందు చేతులు చాస్తారు. కొత్త గాజులు పడ్డాకే పొంగలి కుండ తలకెత్తుకుంటారు. బీజాన్‌కు ముందు ఆమె అత్త, ఆ అత్తకు ముందు ఆమె అత్త ఈ పని చేశారు. సాయిబుల ఇంటి ఆడమనిషి అమ్మవారికి గాజులు వేయడమేమిటని ఎవరికీ తోచలేదు. తోచేంత తీరిక పాతకాలం వాళ్ళకు లేదు మరి!

బీజాన్ కూతురు సుల్తానా రచయిత్రి. దర్గాలో మొక్కు తీర్చుకునే రైతుల గురించీ, చర్చికి గోడలు లేపిన సాయిబు మేస్త్రీల గురించీ పుస్తకాలు రాసింది. బడులకు వెళ్ళి, ఒక మతం పిల్లల్ని ఇంకో మతం వాళ్ళ ఇళ్ళకు భోజనానికి తీసుకుపోయేది. దీనికి ఆమెకు దక్కింది మద్దెల బతుకు. గుళ్ళ మీద నీకేం రాతలని తనవాళ్ళు వాయించారు, మా దేవుళ్ళ ఊసు నీకెందుకని అవతలివాళ్ళు వాయించారు. అయినా రాయడం ఆపలేదు. మొండిఘటం.

జాతర దగ్గర పడ్డాక ఆ తల్లీకూతుళ్ళ ఇంటికి నరేంద్రబాబు వచ్చాడు. రొయ్యల మేత వ్యాపారం అతనిది, ఈ ఏడే జాతర కమిటీకి పెద్ద అయ్యాడు.

“అక్కా, జాతర నాడు పొంగళ్ళకు ముందు స్టేజీ మీద నీకు సన్మానం పెట్టినాం. మతసామరస్యం మీద నువ్వే మాట్లాడాల. పేపరోళ్ళు గూడా వస్తా ఉండారు.”

సుల్తానా నిజంగా సంతోషించింది. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. ఆమె రచ్చ ఎప్పుడో గెలిచింది, సొంత ఊరు పిలవడం ఇదే మొదలు.

చెప్పులేసుకుంటూ నరేంద్రబాబు బీజాన్ వైపు తిరిగాడు. “అత్తా, ఈసారి అమ్మోరికి గాజులు నెల్లూరు నుంచి తెప్పించినాం. పూజారి గారే వేస్తారు. నీకెందుకు శ్రమ?”

“నాకు శ్రమని ఎవురు చెప్పినారబ్బయ్యా?”

“అట్ట గాదులే అత్తా. రోజులు మారినాయి గదా. గుళ్ళో మనోళ్ళు వేస్తే బాగుంటాదని కుర్రోళ్ళు అంటా ఉండారు.”

ఈ ‘మనోళ్ళ’లో లేని బీజానే అతను పొత్తిళ్ళలో ఉండగా దిష్టి తగలకుండా చేతులకు నల్లగాజులు వేసింది. ఆమె ఆ మాట ఎత్తలేదు. అతను వెళ్ళాక మలారం మేకుకు తగిలించి, “పోనీలేమ్మా, ఊరితో తగువు మనకెందుకు?” అంది.

ఆ పోనీలే సుల్తానాకు నిప్పులా తగిలింది. ఎన్ని ఊళ్ళలో వినలేదు ఆ మాట! ఒకరు మర్యాదగా నెడతారు. ఇంకొకరు మర్యాదగా తప్పుకుంటారు. ఊరు చల్లగా ఉందని అందరూ చెప్పుకుంటారు. అయ్యా, అమ్మా, మన ఊళ్ళలో గొడవలు లేవని మురిసిపోయే ముందు, ఎవరు ఎక్కడి నుంచి తప్పుకున్నారో ఒకసారి చూడండి.

“నువ్వు పోనీలే అంటే నేను రాసిందంతా అబద్ధమైపోతాదమ్మా. మలారం తియ్యి. ఇద్దరం పోదాం,” అంది సుల్తానా.

జాతర పొద్దున గుడి పక్కన స్టేజీ మీద నరేంద్రబాబు శాలువా విప్పాడు. సుల్తానా దాన్ని చేత్తో ఆపి మైకు అందుకుంది.

“ఈ శాలువా నాకొద్దు. మా అమ్మకు ఆ గుడి గడప కావాల. ఇన్నేళ్ళు ఆమె చేత్తో వేసిన గాజులు ఈ ఏడు అమ్మోరికి ఎందుకు పనికిరాలేదో కమిటీ వాళ్ళు చెప్పాల. అది చెప్పకుండా నా చేత సామరస్యం గురించి మాట్లాడించబాకండి.”

మైకు ఆగిపోయింది. ఎవరు ఆపించారో వేరే చెప్పక్కర్లేదు. “ఇది మా గుడి!” అని జనంలోంచి ఒక కుర్రవాడు అరిచాడు. సుల్తానా స్టేజీ అంచుకు వచ్చింది. “మీ గుడే నాయనా. మా అమ్మ కాదన్నదెప్పుడు? ఆమె పని ఆమెను చెయ్యనియ్యండి,” అని అందరికీ వినపడేలా అంది.

అప్పుడు కదిలింది వెంకటశేషమ్మ. నరేంద్రబాబు తల్లి ఆమె, మొదటి పొంగలి కుండ ఆమెదే. కుండ పక్కన పెట్టి, గుడి ముందు మలారంతో నిలబడ్డ బీజాన్ దగ్గరికి పోయి మట్టిలో చతికిలబడింది.

“వదినా, పొయ్యి అమ్మోరికి వేసిరా. తర్వాత నాకెయ్యి. అందాకా నేను కుండెత్తను.”

నరేంద్రబాబు పరుగున వచ్చాడు. “అమ్మా, లెయ్యి! అమ్మోరికి ఎప్పుడో వేసేసినారు.”

“ఎవురు వేసినారు? వేసే చెయ్యి ఇక్కడుంటే అక్కడెట్ట వేసినారు? పసుపు దారంతో కుండెత్తమంటావా? ఎత్తను పో!”

ఆమె వెనక ఇంకొకామె కూర్చుంది. తర్వాత ఆమె తోడికోడలు, ఆ తర్వాత వీధులకు వీధులు. డప్పులు ఆగాయి. ఎండ ముదిరింది. అన్నం ఆరిపోతోందని మగవాళ్ళు బతిమాలారు, కసిరారు. ఒక్కతీ లేవలేదు. ముందుగా పూజారి గడప దిగి పక్కకు నిలబడ్డాడు. నరేంద్రబాబు గడపకు అడ్డంగా చాలాసేపు నిలబడ్డాడు. అతనికి జ్ఞానోదయం అయిందని అబద్ధం చెప్పను. తల్లి లేవదని మాత్రం తెలిసింది. పళ్ళు కొరుక్కుంటూ జరిగాడు.

బీజాన్ లోపలికి పోయి గంగమ్మ చేతికి గాజులు వేసింది. బయటికి వచ్చేటప్పుడు ఆమె ఏడుస్తోంది. వెంకటశేషమ్మ చెయ్యి చాచింది.

డప్పులు మళ్ళీ మొదలయ్యాయి. పేపరాయన సుల్తానా దగ్గరికి వచ్చాడు. “మేడమ్, మీరూ కమిటీ ప్రెసిడెంటు గారూ చేతులు కలిపి ఒక్క ఫోటో. సామరస్యానికి గుర్తుగా బాగుంటుంది.”

“నా ఫోటో ఎందుకన్నా? మట్టిలో కూర్చున్న ఆ ఆడోళ్ళను తియ్యి,” అంది సుల్తానా. “కింద ఇట్ట రాయి: పక్కింటి మనిషిని గడప దగ్గర ఆపినప్పుడు, ఆపినోడు మన కొడుకైనా సరే, ఎదురు తిరగాల. ఎదురు తిరగని ఊళ్ళో సామరస్యం అనే మాటకు విలువ లేదు.”