వెనక ఎడమవైపు సీటు

ఉదయం ఆరయింది. రాత్రంతా కురిసిన వాన అప్పుడే తెరిపిచ్చింది. గాలి ఇంకా తడిగానే ఉంది.

ఆమె పాత తువ్వాలుతో కారు అద్దాలు తుడుస్తోంది. ఆయన ఉన్నప్పుడు ఇది ఆయన పని. కారు కూతురికంటే వయసులో పెద్దది. ఇంట్లో అందరూ దాన్ని ముసల్ది అంటారు. ముసల్దానికి నీళ్లు పోశావా, ముసల్ది లేచిందా అని. ఇంట్లో అందరూ అంటే ఇప్పుడు ఇద్దరే.

కూతురు టీ గ్లాసు గోడ మీద పెట్టి స్టీరింగు ముందు కూర్చుంది. తాళం తిప్పితే ముసల్ది ఒకసారి దగ్గి ఊరుకుంది. రెండోసారికి లేచింది.

"వేళకి తిను అమ్మా. పొద్దస్తమానం ఆ వాకిట్లో కూర్చోకు."

"నువ్వు మెల్లిగా వెళ్లు."

రోజూ ఇవే మాటలు. కారు వీధి మలుపు తిరిగేదాకా చూసి, ఆమె వాకిట్లో కుర్చీ వేసుకుంది.

ఆమెకో అలవాటుంది. సాయంత్రం క్షేమంగా ఇల్లు చేరినవాళ్లని లెక్కపెడుతుంది. పెళ్లయిన కొత్తలో ఆయన ఒక్కడే. తర్వాత ఆయనా, కూతురూ. గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు వింటూ వంటింట్లోంచే లెక్క ముగించేది. పోయిన వానాకాలం ఒక సాయంత్రం లెక్క తప్పింది. హైవే పక్కన ముసల్ది ఇండికేటరు వెలిగి ఆరుతూ, ఒద్దికగా నిలబడి ఉందట. స్టీరింగు మీద తల ఆన్చి ఆయన. గుండె ఆగిపోతుంటే కూడా ఎవరికీ తగలకుండా బండిని పక్కకి తీసిన మనిషి. కారుని వేరేవాళ్లు నడుపుకొచ్చి ఇచ్చారు. అప్పట్నుంచి లెక్క ఒకటి దగ్గరే ఆగిపోతోంది. ఒకటి ఏం లెక్క? మొదలుపెట్టకముందే అయిపోతుంది.

కూతురి ఉద్యోగం హైవే చివర, గాలిమరల దగ్గర. చుట్టూ ఉత్త బయలు. దారిలో ఉన్న ఒక్క పెట్రోలు బంకూ మూతపడింది. ఇక్కడ నింపుకున్న ట్యాంకుతోనే వెళ్లి రావాలి. డబ్బాలో పట్టుకెళ్దామంటే అక్కడ గేటులో రానివ్వరు. మొదట్లో సరిపోయేది. రానురాను ముసల్ది తెగ తాగుతోంది.

ఆ సాయంత్రం కారు పాలవ్యాను వెనక తాడు కట్టించుకుని వచ్చింది. ఆమె లేచి నిలబడింది. కూతురు దిగింది. ఒకటి.

"మళ్లీ అయిపోయింది," అంటూ కూతురు గడప మీదే కూలబడింది. "అమ్మా, అక్కడ క్వార్టర్స్‌లో గది ఖాళీ అయింది. సోమవారంలోగా ఏదో ఒకటి చెప్పమన్నారు."

"తీసుకుంటావా?"

"ఇది ఇలా దారిలో పడేస్తుంటే ఏం చెయ్యను? నిన్నూ తీసుకెళ్దామంటే అక్కడ ఒక్కరికే చోటు."

"సరే," అంది ఆమె. లోపలికెళ్లి పొయ్యి వెలిగించింది. దాని మీద ఏమీ పెట్టకుండా, మంట చూస్తూ చాలాసేపు నిలబడింది.

మర్నాడు ఆదివారం. ఆయన స్నేహితుడు, మెకానిక్కు, పిలవకుండానే వచ్చాడు. రబ్బరు గొట్టం ఒక కొస ఇంజను మీద, ఇంకో కొస చెవిలో పెట్టుకుని జబ్బు చెప్తాడని అందరూ ఆయన్ని చెవులాయన అంటారు.

"హైవే బండికి ఆకలి తక్కువుండాలి వదినా, ఊపిరి ఎక్కువుండాలి," అంటూ బానెట్ ఎత్తాడు. ప్లగ్గులు విప్పి చూపించాడు. కొసలన్నీ నల్లగా ఉన్నాయి. "చూడండి, ఈ వయసులో కాటుక పెట్టుకుంది. అవసరానికి మించి తాగితే ఇలాగే మసి పడుతుంది."

ప్లగ్గులు తుడిచాడు. గాలి ఫిల్టరు దులిపాడు. కార్బురేటరు విప్పి, పెట్రోలు వెళ్లే చిన్న ఇత్తడి జెట్టు తీసేసి, అంతకంటే పిసరంత సన్నది బిగించాడు. గొట్టం చెవిలో పెట్టుకుని, కళ్లు మూసుకుని, మరలు అటో వెంట్రుక ఇటో వెంట్రుక తిప్పాడు. ఎవరూ వాడని టాపు మీది క్యారియరు కూడా ఊడదీశాడు. ముసల్ది దగ్గు మానేసి, పిల్లిలా గురగురమంది.

"ఇంజనులో ఇంక ఏ లోపమూ లేదు," అన్నాడు. అని, కారు చుట్టూ తిరిగి వెనక ఎడమ టైరు దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అరచేత్తో తడిమాడు. లేచి, వెనక సీటు మీద చెయ్యి పెట్టి చూశాడు.

"వెనక ఎవరొస్తున్నారమ్మా నీతో?"

"ఎవరూ రారు బాబాయ్. ఒక్కదాన్నే."

"ఒక్కదానివే అయితే ఈ ఒక్క టైరే ఇలా అరగదు. ఎవర్నో మనసులో కూర్చోబెట్టుకుని నడుపుతున్నావ్. మన బడి పంతులమ్మ స్కూటరూ ఇంతే. కొడుకు అలిగి వెళ్లిపోయాక వెనక టైరు ఊరికే అరిగేది. వాడు ఫోన్ చేసిన రోజునుంచీ నిక్షేపంలా ఉంది."

కూతురు స్టీరింగుకంటిన మట్టిని గోటితో గీకుతూ కూర్చుంది.

ఆయనే, అనుకుంది ఆమె. ఇంకెవరు? అదే కారు, అదే దారి. కొంచెం కుళ్లు కూడా పుట్టింది. తన కల్లోకైనా రాని మనిషి, కూతురితో రోజూ షికారు వెళ్తున్నాడన్నమాట.

"ఎంత బరువో తెలిస్తే దానికి తగ్గట్టు సరిచేస్తా. పదండి," అన్నాడు చెవులాయన.

లారీలు తూచే కాటా వీధి చివరే ఉంది. కూతురు కారుని పలక మీదికి ఎక్కించింది. కాటా మనిషి కిటికీలోంచి అంకె చూసి, లోపలికి తొంగి చూశాడు.

"ఎంతమందున్నారు?"

"ఒక్కర్తే," అన్నాడు చెవులాయన.

"ముగ్గురి బరువుంది. ఆ మిగతావాళ్లని దింపండి."

"దిగే రకం కాదు."

"సరే, మీరూ మీరూ తేల్చుకోండి. వెనక లారీ వచ్చింది."

ఆమె కారు కిటికీ దగ్గరికి వెళ్లింది. గొంతు తగ్గించి, "నాన్నని దింపెయ్ అమ్మా. నేనేమీ అనుకోను," అంది.

"నాన్న కాదు."

"మరి?"

"నాన్న ఏనాడైనా వెనక కూర్చున్నాడా?"

ఆమె వెనక అద్దంలోంచి చూసింది. ఎడమవైపు సీటులో ఒక గుంట. తలుపువైపు కాస్త ఒరిగి, ముడుచుకుని కూర్చునే మనిషి గుంట. ముందు సీటు కోసం కూతురు చిన్నప్పట్నుంచీ పేచీ పెట్టేది. వెనక సంచుల పక్కన, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నది ఎవరో ఆమెకి తెలుసు.

"నేనింట్లోనే ఉంటాగా," అంది.

"అదేనమ్మా. ఇంట్లోనే ఉంటావ్. పొద్దున వేసుకున్న కుర్చీలోనే ఉంటావ్. పొయ్యి వెలిగించి మర్చిపోతావ్. తిన్నానంటావ్, గిన్నెలు కడిగినవి కడిగినట్టే ఉంటాయ్. వీధి మలుపు తిరగ్గానే వెనక నువ్వు. దిగమంటే దిగవు."

"నేనంత బరువున్నానా?"

"ఉన్నావ్," అంది కూతురు, రోడ్డువైపు చూస్తూ.

లారీ హారన్ కొట్టింది. ఆమె వెనక తలుపు తీసి, ఎడమవైపు సీటులో, ఆ గుంటలో కూర్చుంది. సరిగ్గా సరిపోయింది. కారు వెనకభాగం కిందికి కుంగలేదు. నెమ్మదిగా పైకి లేచింది.

"ఇప్పుడు తగ్గింది," అన్నాడు కాటా మనిషి. "ఎవరు దిగారు?"

"దిగలేదు. ఎక్కారు," అన్నాడు చెవులాయన. ఆయన కళ్లలో దుమ్ము పడినట్టుంది, బానెట్ వైపు తిరిగి మరలు మళ్లీ కాస్త సర్దాడు. "ఈ బరువుకి సరిచేశా. రేపు ఇద్దరూ వెళ్లి రండి. ఒకే వేగం మీద పోనివ్వాలి. దారిలో ఆపొద్దు. ఆగి లేచేటప్పుడే ముసల్ది ఎక్కువ తాగుతుంది."

సోమవారం ఆమె వెళ్లింది. గాలిమరల కింద ఒక బెంచీ ఉంటే దాని మీద కూర్చుంది. అవి తిరుగుతూనే ఉన్నాయి, ఎవరూ చూడకపోయినా. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరిచి తినేసరికి, పైన ఆఫీసు కిటికీలో కూతురు కనపడింది. ఆమె ఖాళీ డబ్బా వంచి చూపించింది. కిటికీలోంచి కూతురు వెళ్లిపోయింది. గది సంగతి సాయంత్రం ఇల్లు చేరాక చెప్తానని కూతురు ఆఫీసులో గడువు అడిగింది.

తిరుగుదారిలో పెట్రోలు ముల్లు ఎర్రగీతని ఆనుకుని ఉంది. ఒకచోట కూతురు కాలు యాక్సిలేటరు మీంచి దానంతటదే లేచింది. ముందు చిన్న కల్వర్టు, దాని పక్కన కాస్త ఖాళీ జాగా. ఎవరూ చెప్పక్కర్లేదు. ఆయన ఆగిపోయిన చోటు. ఆమె ఇన్నాళ్లూ రానని మొండికేసిన, పొద్దున తల తిప్పుకుని దాటిన చోటు.

"రోజూ ఆపుతావా?"

"ఒక్క నిమిషం."

ఆమె ముల్లు వైపు చూసింది. కూతురి మెడ వైపు చూసింది.

"ఆపకు. వెళ్తూ చూస్తాను."

కూతురి కాలు మళ్లీ కిందికి దిగింది. ఆమె వెనక్కి తిరిగి, కల్వర్టు చిన్నదై, చుక్కై, రోడ్డులో కలిసిపోయేదాకా చూసింది. ఖాళీగా ఉన్న ముందు సీటు, ఎవరో లేచినట్టు, ఒక్కసారి కిర్రుమంది. మళ్లీ కిర్రుమనలేదు.

వీధి మలుపులో ఇంజను ఆగిపోయింది. ముసల్ది వచ్చిన వేగంతోనే, చప్పుడు లేకుండా దొర్లుకుంటూ వెళ్లి గేటు ముందు నిలబడింది.

కూతురు సీటులోంచి లేవకుండానే ఫోన్ చేసింది. "గది వద్దండి. ఇంకెవరికైనా ఇచ్చేయండి." ఫోన్ పెట్టేసి అద్దంలో చూసింది. "రేపు?"

"రేపు రాను. వేళకి తిని నేనే ఫోన్ చేస్తా."

"అబద్ధమాడితే టైరు చెప్పేస్తుంది."

"చెప్పనీ."

వాకిట్లో కుర్చీ ఖాళీగా ఉంది. ఎదురుచూసేవాళ్లూ, లెక్కపెట్టేవాళ్లూ ఇవాళ ఇంట్లో ఎవరూ లేరు. కూతురు చెప్పులు విడిచి లోపలికి వెళ్లి లైటు వేసింది. ఒకటి, అనుకుంది ఆమె, అలవాటు కొద్దీ. అక్కడే ఆగి, తన చెప్పులూ విడిచింది. వాటిని కూతురి చెప్పుల పక్కన పెట్టింది. ఇన్నేళ్ల లెక్కలో ఎన్నడూ చేరని జత.

ఇద్దరు. ఇద్దరూ వచ్చేశారు.