రెండు గబగబా, ఒకటి ఆగి

నా తమ్ముణ్ణి జిమ్‌లో అందరూ ఉడుం అంటారు. ఒకసారి మెడ దొరకబుచ్చుకున్నాడంటే రిఫరీ వచ్చి విడదీయాల్సిందే. అలాంటివాడు టైటిల్ పోరు మూడో రౌండులో ఛాంపియన్ మెడను మోచేతి వంపులో బిగించి, ఇక బెల్టు మనదే అని నేను తువ్వాలు భుజాన వేసుకుని లేచేసరికి, పట్టు వదిలేశాడు. ఎవరూ వదిలించలేదు. తనంతట తానే వదిలి, వెనక్కి జరిగి కూర్చున్నాడు. ఛాంపియన్ ఇటు తిరిగి దవడ మీద ఒక్కటిచ్చాడు. మావాడికి తెలివి వచ్చేసరికి హాలు సగం ఖాళీ అయింది.

వాడి చేతులకు పట్టీలు చుట్టేదీ, చిట్లిన కనుబొమకు మందు అద్ది రక్తం ఆపేదీ నేనే. పన్నెండేళ్లుగా ఇదే నా పని. మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో ఆడదానికేం పని అని అడిగినవాళ్లకు నేను చెప్పే జవాబు అచ్చు వేయడానికి బాగుండదు. ఆ రోజు మాత్రం వాడి రెండో దవడ నేనే పగలగొడదామనుకున్నాను.

"ఎందుకు వదిలావురా?" అన్నాను, ఐసు ముక్కల సంచి వాడి చెంపకు ఆనించి.

"వాడు తట్టాడక్కా."

ఊపిరాడనప్పుడు అవతలివాడి ఒంటి మీద తడితే ఓటమి ఒప్పుకున్నట్టు. జిమ్‌లో తట్టిన మరుక్షణం వదలాలి. ఆ నమ్మకం మీదే రోజూ ఒకరి మెడ ఒకరికి అప్పగిస్తాం. పోటీలో అలా కాదు, రిఫరీ వచ్చి ఆపేదాకా పట్టు సడలించకూడదు. జిమ్ అలవాటును పోటీలోకి మోసుకొచ్చినవాణ్ణి చూసి జనం నవ్వుతారు. నవ్వారు కూడా.

"తడితే మాత్రం? రిఫరీ చెప్పొద్దూ, దద్దమ్మా!"

"వీపు మీద తట్టాడు. రెండు గబగబా, ఒకటి ఆగి. నేను వదలాలనుకోలేదు, చేతులే వదిలేశాయి."

కోచ్ వీడియో పెట్టాడు. నాలుగు వైపుల నుంచి చూశాం. ఛాంపియన్ రెండు చేతులూ మొదటి నుంచి చివరిదాకా మావాడి మణికట్టును పట్టుకుని వేలాడుతూనే ఉన్నాయి. మావాడి వీపు మీద ఎవరి చెయ్యీ లేదు.

మర్నాడు నేను ఇల్లు చేరేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. కళ్లనిండా నీళ్లు. తమ్ముడు ఓడినందుకేమో అనుకున్నాను.

"అబ్బాయి చెయ్యి కదిలిందే! ఆ కుడి చెయ్యే!"

అత్తయ్య అబ్బాయి అనేది మా ఆయన్ని. ఆయన కూడా ఒకప్పుడు మా జిమ్ మనిషే. ఐదేళ్ల కిందట సాధన చేస్తుండగా మెడ దగ్గర నరం దెబ్బతిని కుడి చెయ్యి చచ్చుబడింది. అప్పుడు ఆ మెడ పట్టుకున్నది నా తమ్ముడే. "నువ్వు తట్టినట్టు నాకు తెలియలేదు బావా" అని ఆస్పత్రిలో మంచం పక్కన కూర్చుని ఏడ్చాడు. "సరే" అన్నారాయన. ఆ మాట మళ్లీ మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. ఇప్పుడాయన కార్ల పార్కింగ్ దగ్గర అగ్గిపెట్టంత గదిలో కూర్చుని ఎడమచేత్తో టోకెన్లు ఇస్తారు.

"ఎప్పుడు కదిలింది అత్తయ్యా?"

"మీవాడి ఆట టీవీలో చూస్తున్నాం కదా. వాడు అవతలివాడి మెడ బిగించాడా, ఇటు వీడి చెయ్యి కుర్చీ మీద ఇలా..." అని అత్తయ్య సంతోషంగా తలుపు చెక్క మీద తట్టి చూపించింది. రెండు గబగబా, ఒకటి ఆగి.

లోపల ఆయన గోడవైపు చూస్తూ కూర్చున్నారు. కుడి చెయ్యి ఎప్పటిలాగే ఒళ్లో పడి ఉంది. పట్టుకుంటే చల్లగా ఉంది. "నాకేం తెలియలేదు, అమ్మ చెప్పాకే చూసుకున్నాను" అన్నారు. డాక్టరు నరాలన్నీ పరీక్షించి, ఈ చెయ్యి కదిలే అవకాశమే లేదన్నాడు.

తమ్ముడు నెల తిరిగేసరికి జిమ్‌కి వచ్చాడు. గుద్దులు బాగానే ఉన్నాయి, కాళ్లు బాగానే ఆడుతున్నాయి. మెడ పట్టుకుంటే మాత్రం నాలుగు లెక్కపెట్టేలోపు వదిలేస్తున్నాడు. "నేను తట్టలేదన్నా" అని అవతలివాడు మొహం అదోలా పెట్టి చెప్పేవాడు. పట్టు లేని ఉడుం ఎవడిక్కావాలి? ఇంకో చిన్న పోటీ ఇప్పిస్తామన్నారు, అది కూడా పోతే ఇక పిలవబోమని మొహం మీదే చెప్పేశారు.

ఒకరోజు, వాడు పట్టు వదిలితే వెంటనే ఫోను చేయమని కోచ్‌కి చెప్పి, పదకొండింటికి పార్కింగ్ గదిలో ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. టోకెన్ల డబ్బా పక్కన బల్ల మీద ఆ కుడి చెయ్యి. చుట్టూ హారన్లు, ఎండ, పెట్రోలు వాసన. ఆయన ఎవరికో చిల్లర ఇస్తున్నారు. ఉన్నట్టుండి మూడు వేళ్లు లేచాయి. టప్ టప్. ఆగి, టప్. ఆయన అటు చూడను కూడా లేదు. నా ఫోను మోగింది. కోచ్. "మళ్లీ వదిలేశాడమ్మా, ఇప్పుడే" అన్నాడు.

ఆ సాయంత్రం తమ్ముణ్ణి పట్టీలు చుట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టి, వాడి చెయ్యి నా చేతిలో పెట్టుకుని అడిగాను.

"బావ ఆ రోజు ఎన్నిసార్లు తట్టారు?"

వాడు చెయ్యి వెనక్కి లాక్కోబోయాడు. నేను వదల్లేదు.

"మూడుసార్లు" అన్నాడు చివరికి. "రెండు గబగబా, ఒకటి ఆగి. బావ ఎప్పుడూ అంతే కదా. నాకు తెలిసిందక్కా. ఆ రోజు జట్టులోకి ఎవర్ని తీసుకోవాలా అని చూడ్డానికి పెద్దవాళ్లొచ్చారు. ఇంకొక్క క్షణం పట్టుకుంటే నా పట్టు చూస్తారనుకున్నాను. అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఐదేళ్లు నా చేతి అన్నం తిన్నాడు. ఐదేళ్లు ఆయనకు చొక్కా గుండీలు నేను పెడుతుంటే ఎదురుగా కూర్చుని చూశాడు. చెవి పట్టుకుని ఇంటికి ఈడ్చుకెళ్లి ఆయన ముందు నిలబెట్టాను. వాడు తలెత్తకుండా అంతా చెప్పాడు.

"తెలుసురా" అన్నారాయన. "తట్టాక రెండు క్షణాలు. నా మెడకి తెలియదా? నా కోపం ఎప్పుడో పోయింది."

"మరి ఇదేమిటి బావా?" అని వాడు ఆ కుడి చెయ్యి చూపించాడు. అది తడుతున్న సంగతి దారిలో నేనే చెప్పాను.

ఆయన ఒళ్లోని చేతిని వేరేవాళ్లదాన్ని చూసినట్టు చూశారు. "నన్నడిగితే ఏం చెప్పను? అది నా మాట విని ఐదేళ్లయింది."

పోటీ ఒక మధ్యాహ్నం, ఇనుప కుర్చీలేసిన చిన్న హాల్లో. తానూ వస్తానని ఆయన పట్టుబట్టారు. చుట్టూ ఇనుప వల కట్టిన కేజ్‌ని ఆనుకుని మా మూల కుర్చీల్లో, నా పక్కనే కూర్చున్నారు. వాడికి పట్టీలు చుడుతూ నేనొకటి నిశ్చయించుకున్నాను. ఆ చేతిని ఇవాళ కదలనివ్వను. తప్పు ఒప్పుకున్నాడు, క్షమించారు, ఇంకా ఎన్నాళ్లు? గంట మోగగానే ఆయన కుడి చెయ్యి తీసి నా తొడ మీద పెట్టుకుని, రెండు చేతులతో నొక్కి పట్టాను. చూసేవాళ్లకు ముచ్చటగానే ఉండి ఉంటుంది.

రెండో రౌండులో తమ్ముడికి మెడ దొరికింది. మోచేయి సరిగ్గా గడ్డం కింద కూర్చుంది. ఒకటి, రెండు, మూడు.

నా అరచేతుల కింద చెయ్యి వెచ్చబడింది. వేళ్లు పైకి లేవబోయాయి. నేను ఇంకా గట్టిగా అదిమాను. ఐదేళ్లుగా దారంలా సన్నబడిన ఆ చేతికి అంత బలం ఎక్కడిదో! కేజ్‌లో తమ్ముడు పళ్లు బిగించి పట్టుకునే ఉన్నాడు. వదలడం లేదు. వదలకురా, వదలకు అని లోపల కేకలు పెడుతున్నాను.

అప్పుడు అవతలి కుర్రవాడి పాదం కనిపించింది. అప్పటిదాకా తన్నుకుంటున్న పాదం పక్కకి ఒరిగి, అలాగే ఉండిపోయింది. రిఫరీ అటువైపు ఉన్నాడు, అతనికి కనిపించలేదు. కుర్రవాడికి తెలివి పోయింది, తట్టడానికి చెయ్యి లేవదు. వాడి బదులు తట్టబోతున్న చెయ్యి నా చేతుల కింద గింజుకుంటోంది.

నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా వదల్లేదు. ఇంకొక్క క్షణం ఉంటే రిఫరీ వస్తాడు, గెలుపు ఖాయం అనుకున్నాను. ఒక క్షణం. రెండు.

వదిలాను.

టప్ టప్. ఆగి, టప్. కేజ్‌లో తమ్ముడి చేతులు విడిపోయాయి. కుర్రవాడు నేలకు జారాడు. రిఫరీ పరుగున వచ్చి, వాడి కళ్లు చూసి, పోటీ ఆపి డాక్టర్ని పిలిచాడు. కుర్రవాడు కళ్లు తెరిచి, "ఏమైంది?" అని అడిగాడు. కాళ్లూ చేతులూ కదిలించమంటే కదిలించాడు. తమ్ముడి చెయ్యి పైకెత్తారు. వాడు మమ్మల్ని చూసి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. హాలు చప్పట్లతో మోగిపోయింది.

ఆయన చెయ్యి నా ఒళ్లోనే ఉంది. మళ్లీ చల్లబడింది. మణికట్టు మీద నా వేళ్ల గుర్తులు ఎర్రగా తేలాయి. ఆయన వాటినే చూస్తున్నారు.

"అది కదిలినట్టు నీకు తెలిసిందా?" అన్నారు, చాలా మామూలుగా.

"లేదండీ" అన్నాను. "నాకు తెలియలేదు."

ఆయన కాసేపు నా మొహంలోకి చూశారు.

"సరే" అన్నారు.