పచ్చ రంగులో ఇందిరాబాయి

వనజ అనే నర్సు మీద ఇందిరాబాయికి మూడు నెలలుగా కోపం. ఆ మనిషి మొహం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. ఆదోని ఆస్పత్రిలో ఎక్కడో ఫోను ముందర కూర్చుని ఉంటుందని మాత్రం తెలుసు. "వయసు మీద పడతాంటే అట్లే ఉంటాదంట. ఊరికే గాబరా పడొద్దని చెప్పమనింది వనజ సిస్టరు" అని మొగుడు వాదిరాజ తెచ్చి చెప్పిన మాట, పొద్దున పప్పు కడుగుతున్నప్పుడల్లా చేతికి రాయి తగిలినట్టు తగిలేది. నలభై తొమ్మిదేళ్లు. అదేం వయసు? పదకొండు కాకముందే చేతులు వణికి, జాకెట్టు తడిసేలా చెమట పట్టి, కళ్ల ముందర నల్లటి చుక్కలు తిరిగితే అది వయసా? పోయిన నెల చారు గిన్నె దించుతూ దించుతూ అలాగే కూలబడింది. అత్తగారు ముందు చూసింది గిన్నెను. "చారు ఒలకలేదు గదా" అంది.

షుగరని తేలిన రోజున ఆస్పత్రి వాళ్లు మాత్రలిచ్చారు, వేలు పొడుచుకునే మిషను ఇచ్చారు, ఫోనులో ఒక యాప్ పెట్టుకోమన్నారు. రోజూ అంకెలు పంపితే అక్కడ చూసుకుంటూ ఉంటారట, ఏమన్నా చెప్పాలంటే అందులోనే రాయొచ్చట. "నెంబరు చెప్పండమ్మా" అని కౌంటరులో పిల్ల అడిగితే, ఇందిరాబాయి నోరు తెరిచేలోపు వాదిరాజ తన నెంబరు చెప్పేశాడు. ఆమెకూ ఫోనుంది. కూతురు శృతి తన పాతది ఇచ్చింది. "పొద్దునంతా మడిలో ఉంటావు. నీకు ఫోనెవరు ఎత్తాల?" అన్నాడు వాదిరాజ. ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. ఆయన మాటల్లో తప్పు ఎప్పుడూ అప్పటికప్పుడు కనిపించదు.

మాధవరంలో వాళ్లింటి పద్ధతి అది. అయిదింటికి లేస్తుంది. స్నానానికి ముందే వేలు పొడుచుకుని, మిషను చూపించిన అంకెను గోడ మీది క్యాలెండరులో ఆ తేదీ గడిలో పెన్సిలుతో రాస్తుంది. మాత్రలు మింగుతుంది. తర్వాత స్నానం, మడిచీర. ఇక అక్కడి నుంచి ఫోను, మిషను, క్యాలెండరు, పరుపు, మనుషులు ఏదీ ముట్టుకోకూడదు. వంట, నైవేద్యం, వాదిరాజ భోజనం, అత్తగారి భోజనం. ఆమె విస్తరి ముందు కూర్చునేసరికి ఒంటిగంట. క్యాలెండరులో అంకె చూసి ఫోనులో కొట్టడం ఒక్కటే వాదిరాజ పని. యాప్ తెలుగులోనే అడుగుతుంది. "మీ ఉపవాస చక్కెరను సమర్పించుము" అని ఆయన మొదటిరోజు పైకి చదివితే, "ఉపవాసానికి చక్కెర ఏందిరా, బెల్లం గూడా పనికిరాదు" అంది అత్తగారు. ఆ రోజు ముగ్గురూ నవ్వారు.

నవ్వింది ఆ ఒక్క రోజే. వణుకు గురించి అడగమని ఇందిరాబాయి నాలుగుసార్లు చెప్పింది. నాలుగుసార్లూ వనజ సిస్టరు నుంచి జవాబు వచ్చింది. వయసు అంది. పగలు నడుం వాల్చొద్దంది. మనసులో ఏవేవో పెట్టుకోవద్దంది. అన్నం తగ్గించమంది. నన్ను చూడకుండానే ఇదంతా ఎలా తెలిసింది ఈ పిల్లకు, అచ్చం మా అత్త మాట్లాడినట్టే మాట్లాడుతుందే అని ఇందిరాబాయికి అనిపించింది. అనుమానం నర్సు మీదే పెట్టుకుంది.

మూడు నెలలకు డాక్టరుకు చూపించే రోజు ఏకాదశి నాడు పడింది. వాదిరాజకు ఎమ్మిగనూరులో ఒకరింట్లో పారాయణం ఉంది. "ఏకాదశి పూట ఒక్కతివే పోతావా? ఆడ ఎవరేమిచ్చినా నోట్లో పెట్టుకోవద్దు" అని అత్తగారు గుమ్మం దాకా వచ్చి చెప్పింది. మంత్రాలయంలో ఆదోని బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, వనజను ఏమడగాలో వరసగా అనుకుంటూ పోయింది. మీ అమ్మకు వయసు రాలేదా అని అడగాలి. మీ అమ్మ పడిపోతే నువ్వు ఫోనులో ఇదే జవాబు పంపుతావా అని అడగాలి. నోరు తడారిపోయింది. ఏకాదశి, గొంతు తడుపుకోవడానికి నీళ్లు కూడా ముట్టకూడదు.

వనజ శృతి కంటే రెండేళ్లు పెద్దదేమో. ముందర కంప్యూటరు, పక్కన రెండు ఫోన్లు, సగం తాగి వదిలేసిన టీ. పేరు చెప్పగానే కుర్చీలోంచి లేచింది.

"మాధవరం ఇందిరాబాయమ్మా? మీరేనా! రాండమ్మా, కూర్చోండి. మీ పేరు చెప్పే మా డాక్టరమ్మ అందరినీ తిడతాంటాది. ఆయమ్మను చూసి నేర్చుకోండి, మొదటి వారం తప్ప మూడు నెల్లూ అంతా పచ్చగా పెట్టింది అని."

బస్సులో పేర్చుకున్న మాటలన్నీ ఇందిరాబాయి నోట్లోనే ఉండిపోయాయి. ఈ పిల్ల వెటకారం చేస్తోందా? చెయ్యి చాపింది. వనజ వేలు పొడిచి మిషను చూసి, ఇంకోసారి పొడిచింది.

"యాభై ఎనిమిది! ఏందమ్మా, చేతులు ఇట్ల వణుకుతాండాయి? పొద్దున్నుంచి ఏం తినలేదా?"

"ఏకాదశి."

"మాత్రలు?"

"వేసుకున్నాను."

"అయ్యో దేవుడా." వనజ పరుగెత్తినట్టు పోయి స్టీలు గ్లాసులో గ్లూకోజు కలుపుకొచ్చింది. "తాగండమ్మా. దేవుడు నన్ను తిట్టనీలే."

ఇందిరాబాయి గ్లాసు వంక చూసింది. ఇరవై ఆరేళ్లుగా ఆ రోజున, ఈ మూడు నెలలూ మాత్ర మింగే గుక్క తప్ప, నీళ్లు ముట్టలేదు. తాగింది. తాగాక కాసేపటికి గోడలు తమ చోటికి తాము వచ్చాయి. అప్పుడు అడిగింది.

"ఈ వణుకు గురించే నాలుగుసార్లు చెప్పి పంపించాను. వయసని నువ్వే అన్నావంట."

"నేనా? మీ దగ్గర్నుంచి ఒక్క మెసేజీ రాలేదమ్మా. నేనే మూడుసార్లు పంపించినా. బాగుండారా అని. ప్రతిసారీ బొటనవేలు బొమ్మ వచ్చింది." వనజ కంప్యూటరు ఆమె వైపు తిప్పింది. "మొదటి వారం ఎర్రగా వచ్చినాయి. ఫోన్ జేస్తే మీ ఇంటాయన ఎత్తి మడిలో ఉంది, పూజలో ఉన్నాను అనె. ఆ తర్వాత అంతా పచ్చే. మూడు వందల నలభై మంది ఉండారమ్మా నా ఒక్కదానికి. ఎర్రగా ఉన్నోళ్లే పైకి వస్తారు దీంట్లో. పచ్చగా ఉన్నోళ్లు అడుక్కు పోతారు. వాళ్లను చూసే టైం యాడుంది?"

తెర నిండా ఇందిరాబాయి పేరు పక్కన అంకెలు. పొద్దునవి ఒక వరస, పక్కన ఇంకో వరస. ఆ రెండో వరస ఏమిటని అడిగింది. టిఫిను తర్వాత రెండు గంటలకు చూసుకునేదంది వనజ. అలాంటిది ఒకటి చూసుకోవాలని ఇందిరాబాయికి ఈ మూడు నెలల్లో ఎవరూ చెప్పలేదు. పదిహేను రోజుల కిందటి తేదీ మీద వేలు పెట్టింది. క్రితం ఏకాదశి అది. ఇంట్లో పొయ్యి వెలిగించని రోజు. టిఫిను తర్వాత నూట నలభై ఎనిమిది. పచ్చ రంగు. పక్కన చప్పట్లు కొడుతున్న రెండు చేతుల బొమ్మ.

వనజ ఆమెను డాక్టరమ్మ గదిలోకి తీసుకుపోయి సంగతంతా చెప్పింది. డాక్టరమ్మ చీటీలో ఒక మాత్ర కొట్టేసింది. "ఈ అంకెలు చూసే మాత్రలు తగ్గించకుండా అట్లే ఉంచినాను. నిద్రలోనే తెలివి తప్పింటే ఏం జేస్తాంటివి? ఈ వారం నీ నిజం అంకెలు నాకు రావాల. లేకుంటే ఏ మాత్ర ఉంచాలో, ఏది తీయాలో నాకు తెలీదు" అంది.

నెంబరు మారుద్దామంది వనజ. మార్చాలంటే పాత నెంబరుకు ఓటీపీ పోతుంది, ఆరంకెలు, అవి చెబితేనే కొత్త నెంబరు తీసుకుంటుంది. ఎమ్మిగనూరుకు ఫోన్ చేసింది. "పారాయణం మధ్యలో ఉన్నానమ్మా, ఇంటికి పోయినాక చూద్దాంలే" అని వాదిరాజ పెట్టేశాడు. అది పదినిముషాలే బతుకుతుందమ్మా అంది వనజ. రేపు ఏడున్నరకు డ్యూటీ ఎక్కగానే మళ్లీ పంపి ఫోన్ చేస్తానంది. రేపు ద్వాదశి. ఏడు యాభైలోపు పారణ, ఉపవాసం విడిచే భోజనం, అయిపోవాలి. ఏడున్నరకు తను మడిలో పొయ్యి దగ్గర ఉంటుంది. "సరే, పంపించు" అంది ఇందిరాబాయి.

సాయంత్రం ఆయన కండువా తీసి చిలక్కొయ్యకు తగిలించగానే అడిగింది.

"క్రితం ఏకాదశికి నేను టిఫిను తిన్నానా?"

వాదిరాజ నవ్వబోయాడు. "అది ఖాళీగా వదిలితే ముందుకు పోదే. తినలేదని చెప్పేదానికి దాంట్లో చోటు లేదు. ఏదో ఒకటి కొట్టాల."

"మరి పొద్దునవి? గోడ మీద రాసి పెడుతూనే ఉన్నాను గదా."

"అరవై అని కొడితే ఎర్రగా వస్తాది. నేను పూజలో ఉన్నప్పుడల్లా ఆయమ్మ ఫోను. నూరు దాటించి కొడితే సప్పుడు లేదు." ఆయన గొంతులో దాపరికం కూడా లేదు. కుళాయి కారుతుంటే గుడ్డ చుట్టిన మనిషి గొంతు అది.

"వయసని ఎవరన్నారు?"

ఆయన గోడ వైపు చూశాడు. "ఎవరినడిగినా అదే అంటారు గదా" అన్నాడు. మళ్లీ, "నెంబరు మార్చేదెందుకు? రేపట్నుంచి గోడ చూసి కొడతాలే" అన్నాడు.

ఆ మాట మీద కూడా ఆమెకు అనుమానమే వచ్చింది. రేపటి పారణకు విస్తళ్లు తుడుస్తూ కూర్చుని, ఇన్నేళ్లలో తన దాకా వచ్చిన మాటలన్నీ ఒక్కొక్కటీ తీసి చూసుకుంది. ఏది వనజది, ఏది ఈయనది? పగలు నడుం వాల్చొద్దన్నది ఎవరు? అన్నం తగ్గించమన్నది ఎవరు? అక్కడితో ఆగితే బాగుండేది. ఆగలేదు. పన్నెండేళ్ల కిందట పుట్టింట్లో, హాలహర్విలో, అమ్మకు జబ్బు చేసినప్పుడు, "మీ అన్న ఫోన్ చేసినాడు, ఇప్పుడేం రావాల్సిన పని లేదంట" అని ఈయనే చెప్పాడు. తను పోయేసరికి అమ్మ మాట పడిపోయింది. ఎందుకు రావద్దన్నావని అన్నను ఇంతవరకూ అడగలేదు. అడగకుండానే అన్నతో మాటలు తగ్గించుకుంది. ఆ మాట ఎవరిది? తను కోపం పెట్టుకున్న మనుషుల్లో ఎంతమంది నిజంగా ఆ మాటలన్నారు? ఇరవై ఆరేళ్లు ఈ ఇంట్లో అందరికీ వండి పెట్టింది, తనకు మాత్రం ఇంకొకరు నమిలిన మాటే పెట్టారు.

ద్వాదశి నాడు నాలుగింటికే లేచింది. వేలు పొడుచుకుంటే డెబ్భై నాలుగు. గోడ మీద రాసి, డాక్టరమ్మ ఉంచిన మాత్ర ఒక్కటే మింగి, స్నానం చేసి మడి కట్టుకుంది. ఏడున్నరకు అన్నం దించింది, చారు మరిగింది, అవిసాకు పల్యా, పొడికూర, మూకుట్లో ఉంది. వాదిరాజ దేవుడి ముందు గంట పట్టుకుని ఉన్నాడు. అత్తగారు గడియారం కింద కూర్చుని, "ఇందిరా, ఇంకా ఇరవై నిముషాలే, నిన్నట్నుంచి కడుపులో ఏమీ లేదు" అంటోంది.

కిటికీలో వాదిరాజ ఫోను టింగుమంది. వెంటనే మోగడం మొదలుపెట్టింది.

"మోగనీలే" అన్నాడు వాదిరాజ లోపల్నుంచి.

ఇందిరాబాయి గరిటె పట్టుకునే కిటికీ దాకా నడిచింది. ఫోను తీసింది.

"ఏయ్! మడి! మడి!" అని అత్తగారు లేవబోయి మళ్లీ కూర్చుంది.

"వనజా, రాసుకో" అని మెసేజీలోని ఆరంకెలు ఒక్కొక్కటిగా, బడిలో లెక్క అప్పగించినట్టు, గట్టిగా చదివింది. "కొత్త నెంబరు రాసుకున్నావా? పొద్దునది డెబ్భై నాలుగు. టిఫిను ఇప్పుడే తింటాను, రెండు గంటలయ్యాక రెండోది చెప్తాను." ఫోను చెవికి ఆనించుకునే పొయ్యి దగ్గరికి వచ్చింది. పల్యా మాడు వాసన వస్తోంది. అదే చేత్తో కలిపింది. చారు గిన్నె, అన్నం గిన్నె పక్కకు జరిపి, ఒక పళ్లెం తీసుకుని, తనకు వడ్డించుకుంది.

వాదిరాజ గంట పట్టుకునే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఫోను వంక, గిన్నెల వంక చూశాడు. మడి చెడిన చెయ్యి అన్నిటినీ తాకింది, నైవేద్యానికి పనికొచ్చేది ఇంట్లో ఏదీ మిగల్లేదు.

ఆ పూట ఆయనకు పోయినవి: మూడు పావుల బియ్యపు అన్నం, గిన్నెడు చారు, మూకుడు అవిసాకు పల్యా, పారణకు మిగిలిన పద్దెనిమిది నిముషాలు. ఇంకా, ఆరంకెలు.