రెండో ఇన్నింగ్స్‌లో వెలిగిన దీపం

ఇరవై మూడేళ్ళ ఉద్యోగంలో కురమోచి చూడకుండా నొక్కిన మీట ఒక్కటే. అదీ పెన్సిలు చెక్కుకుంటూ నొక్కాడు.

జపాన్‌లోని కురే ఊరి బేస్‌బాల్ మైదానంలో, బ్యాటరు నిలబడే చోటుకి సరిగ్గా వెనక, ఎత్తుగా ఒక గది ఉంటుంది. లీగు తరఫున రికార్డు రాసే మనిషి కూర్చునేది అక్కడే. బంతి కొట్టినవాడు పరుగెత్తి బేస్ అనే మజిలీ చేరితే, అది వాడి గొప్పతనమా, లేక పట్టాల్సినవాడి చేతకానితనమా అన్నది ఆయనే తేల్చాలి. బల్ల మీద రెండు మీటలు. ఒకటి నొక్కితే అవతలి కొసన స్కోరుబోర్డు మీద హిట్ దీపం వెలుగుతుంది, ఇంకోటి నొక్కితే తప్పు దీపం. అంపైరు ఏడు తరాలనీ తిట్టిపోసే ఓడల కార్ఖానా కూలీలు కూడా ఆ దీపం వెలిగాక నోరెత్తేవారు కాదు. కురమోచి మాస్టారు రెప్ప వెయ్యడని ఊళ్ళో పేరు. ఆ పేరంటే మాస్టారికి పైకి చెప్పుకోనంత ఇష్టం.

అది 1957 అక్టోబరు, సీజను ఆఖరి వారం. ఊరి జట్టు హెరాన్స్‌కీ ఒసాకా జట్టుకీ ఆట. గెలిచినా ఓడినా ఎవరికీ ఒరిగేదేమీ లేదు. రెండో ఇన్నింగ్స్‌లో కురమోచి పెన్సిలు ముక్కు విరిగింది. తలొంచి చాకు తీశాడు. అదే క్షణాన ఒసాకా బ్యాటరు కొట్టిన చప్పుడు వినిపించింది. తలెత్తేసరికి బంతి ఎడమవైపు గడ్డిలో దొర్లుతోంది. మూడో బేస్ దగ్గర కాపలా ఉన్న హెరాన్స్ కుర్రాడు ఒరిహారా టోపీ అంచు పట్టుకుని, బంతి విసిరే పిచర్ వైపు తల వంచుతున్నాడు. చేతిలో బంతి జారవిడిచినవాడు పిచర్‌కి అలా క్షమాపణ చెప్పుకోవడం ఆటలో రివాజు. ఇంకేం కావాలి? కురమోచి తప్పు దీపం వెలిగించాడు.

ఒరిహారా ఎలాంటివాడో ఆయనకి ఆ క్షణాన గుర్తు రాలేదు. వాడు ఎవరైనా తుమ్మినా క్షమించమనే రకం.

మూడో ఇన్నింగ్స్‌లో, పక్క కుర్చీలో పుల్లకి గుచ్చి కాల్చిన స్క్విడ్ చేప నములుతున్న నెజు నోరు విప్పాడు. నెజు స్థానిక పత్రికలో ఆటల వార్తలు రాస్తాడు, కురమోచికి పాతికేళ్ళ స్నేహితుడు, కడుపులో మాట ఆగని మనిషి.

"ఏమయ్యా, ఆ ఒరిహారా మీద నీకేమైనా పాత కక్షా?"

"ఏం?"

"బంతి రాయికి తగిలి వాడి భుజం మీంచి ఎగిరిపోయింది కదా. గ్లవ్ ఎత్తే టైమేదీ? దానికీ తప్పేనా? ఆ కుర్రాడు కాదు, వాడి తాత దిగొచ్చినా పట్టేవాడు కాదు."

"ఇంకో అడుగు ముందుకెయ్యాల్సింది," అన్నాడు కురమోచి తాపీగా. అబద్ధం అంత సాఫీగా నోట్లోంచి వచ్చినందుకు ఆయనకే భయమేసింది.

మార్చవచ్చు. నిబంధనలు ఒప్పుకుంటాయి. ఫోనెత్తి స్కోరుబోర్డు వాడికి ఒక్క ముక్క చెబితే అయిపోతుంది. కానీ చెప్పాలంటే నెజు వినేలా చెప్పాలి. రేపు ఊరంతా కురమోచి పెన్సిలు గురించే నవ్వుకుంటుంది. తొందరేముంది, అనుకున్నాడు. హెరాన్స్ తరఫున బంతులు వేస్తున్న పిచర్ సుగెనుమా. నాలుగో ఇన్నింగ్స్ వచ్చిందంటే చాలు, అతని బంతుల్ని చంటిపిల్లలు కూడా చితక్కొడతారు. నాలుగైదు హిట్లు పడ్డాక, దీన్ని కూడా చడీచప్పుడూ లేకుండా సరిదిద్దేయొచ్చు.

సుగెనుమాకి ముప్ఫై అయిదేళ్ళు. పదమూడేళ్ళుగా హెరాన్స్‌కి బంతులు వేస్తున్నాడు, గెలిచినవాటికన్నా ఓడినవే ఎక్కువ. వచ్చే ఏడాది జాబితాలో అతని పేరు లేదు. ఇదే నీ చివరి ఆట అని నిన్ననే చెప్పేశారు.

నాలుగో ఇన్నింగ్స్‌లో ఒక్కడూ కొట్టలేదు. అయిదులోనూ అంతే. చేతిలో వేగం లేని మనిషి, నిదానంగా వంకర్లు తిరిగే బంతులు వేస్తుంటే, ఒసాకా వాళ్ళు గాలిని కొట్టి వెనక్కి పోతున్నారు. ఆరో ఇన్నింగ్స్‌కల్లా హెరాన్స్ బెంచీ మీద సుగెనుమాకి రెండు వైపులా మూడేసి మనుషుల జాగా ఖాళీ అయింది. రెండో ఇన్నింగ్స్‌లో వెలిగింది తప్పు దీపం కాబట్టి అతని లెక్కలో హిట్లు సున్నా. ఒక్క హిట్టూ ఇవ్వకుండా, జన్మకోసారి దక్కే ఘనతతో ఆట ముగించబోయే పిచర్‌తో ఎవరూ మాట్లాడరు. ఆ సంగతి నోటితో అనరు. అంటే చెడిపోతుందని భయం. పై గదిలో విలేకరులు కూడా వాతావరణం గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. చివరికి నెజు కూడా నోరు మూసుకున్నాడు. కురమోచికి అన్నిటికన్నా ఎక్కువ భయం పుట్టించింది అదే.

కాలుగాలిన పిల్లిలా గదిలో తిరిగాడు. టీ తెప్పించుకుని తాగలేదు. మెట్ల దాకా వెళ్ళాడు, వెనక్కొచ్చాడు. కిటికీ తెరిచి, మళ్ళీ మూశాడు.

"ఒంట్లో బాలేదా?" అన్నాడు నెజు.

"గాలి లేదు ఇక్కడ."

"తుఫాను గాలొస్తుంటే గాలి లేదంటావేంటయ్యా?"

లీగు కార్యాలయం బీరువాల్లో ఈ ఆట చరిత్ర అంతా ఉంది, అందులో సగం కురమోచి చేతిరాతే. యుద్ధానికి ముందు రెండొందల మంది చూసిన ఆటలో ఒక ఎడమచేతి పిల్లాడు వరసగా తొమ్మిదిమందిని ఇంటికి పంపిన రోజు ఉంది. యుద్ధకాలంలో ఆటగాళ్ళు సైనికుల టోపీలు పెట్టుకుని, శత్రువుల భాష కాబట్టి ఇంగ్లీషు మాట ఒక్కటి పలక్కుండా ఆడిన రోజులున్నాయి. యుద్ధం అయ్యాక ఒకావిడ ఆ కార్యాలయానికి వచ్చింది. ఆమె కొడుకు ఆడింది ఒకే ఒక్క ఆట. ఆ తర్వాత ఓడతో పాటు సముద్రంలో మునిగిపోయాడు. కురమోచి పుస్తకం తీసి, ఆ పిల్లాడి పేరు ఎదురుగా ఉన్న ఒకే ఒక్క గుర్తు చూపించాడు. ఆవిడ దాని మీద వేలు పెట్టి అడిగింది: "ఇది మావాడు నిజంగా కొట్టిందేనా బాబూ, ఎవరో జారవిడిచిందా?" "నిజంగా కొట్టిందేనమ్మా, నేను చూశాను," అన్నాడాయన. ఆవిడ ఏడవలేదు. ఆ పేజీ ముందు చాలాసేపు కూర్చుని వెళ్ళిపోయింది.

ఆ మాట అనగలిగినందుకే తన ఉద్యోగానికి అర్థముందని కురమోచి నమ్మకం.

ఏడో ఇన్నింగ్స్‌లో ఫోనెత్తాడు.

"చెప్పండి మాస్టారూ," అన్నాడు బోర్డు వెనక మనిషి.

గదిలో మాటలన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. నెజు తిరిగి చూశాడు.

"అయిదో ఇన్నింగ్స్ సున్నా పలక వంకరగా ఉంది," అన్నాడు కురమోచి. "సరిగ్గా తగిలించు."

ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆయన ఎన్నడూ చెయ్యని పని చేశాడు. ఒక పక్షం వహించాడు. ఒసాకా వాడు ఎవడో ఒకడు కొట్టాలి, మైదానమంతా చూసేలా, ఎవరికీ అనుమానం లేకుండా ఒక్క హిట్ కొట్టాలి, తను బయటపడాలి. కింద పదమూడేళ్ళుగా ఆడుతున్న మనిషి ప్రాణమంతా పెట్టి బంతి విసురుతుంటే, పైన కూర్చుని అతను ఓడాలని మొక్కుకుంటున్నాడు. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా మొక్కుకోవడం మానలేదు.

ఆఖరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరు అవుటయ్యారు. మూడోవాడు కొట్టిన బంతి నేలకి జానెడెత్తున మూడో బేస్ పక్కనుంచి దూసుకుపోయింది. హమ్మయ్య అని కురమోచి లేచి నిలబడ్డాడు. ఒరిహారా అడ్డంగా గాల్లోకి దూకి, దుమ్ములో పొర్లి, గ్లవ్ పైకెత్తి చూపించాడు. బంతి అందులోనే ఉంది.

మైదానం దద్దరిల్లింది. జనం కూర్చునే మెత్తలు గాల్లోకి ఎగరేశారు. నెజు ఫోను పట్టుకుని పత్రికాఫీసుకి వార్త చెబుతున్నాడు. కురమోచి పుస్తకం మూసి చంకలో పెట్టుకుని మెట్లు దిగాడు. ఆయన సంతకం పెడితే తప్ప ఆట రికార్డుకెక్కదు.

ఆటగాళ్ళ గది బయట ఒరిహారా ఒక్కడే దుమ్ము దులుపుకుంటున్నాడు.

"రెండో ఇన్నింగ్స్ బంతి నీ గ్లవ్‌కి తగిలిందా?" అడిగాడు కురమోచి.

"నాదే తప్పండి మాస్టారూ."

"తప్పెవరిదని అడగట్లేదు. తగిలిందా, లేదా?"

వాడు నేల చూపులు చూశాడు. "తగల్లేదండి. రాయికి తగిలి లేచిపోయింది. కానీ అది నా మీదే ఉండనివ్వండి. నేనింకా పదేళ్ళు ఆడతాను, ఒక తప్పు ఎక్కువైతే నాకేం కొంపలు మునగవు. ఆయనకి ఇవాళ ఒక్కరోజే ఉందండీ."

"లోపలికి రండి మాస్టారూ," అని గదిలోంచి సుగెనుమా గొంతు వినిపించింది.

అతను బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పుతున్నాడు. చెమటకి తడిసిన చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది.

"ఆ దీపం చూసి నేనూ ఆశ్చర్యపోయాను," అన్నాడు. "కానీ వెలిగించింది మీరు. పైనుంచి మీకు కనపడింది నాకు కనపడలేదేమో అనుకున్నా."

"నేను చూడలేదు," అన్నాడు కురమోచి. "పెన్సిలు చెక్కుకుంటున్నాను."

సుగెనుమా చేతులు తాళ్ళ మీదే ఆగిపోయాయి. "తప్పని ఎప్పుడు తెలిసింది మీకు?"

"మూడో ఇన్నింగ్స్‌లో."

"అప్పుడే ఎందుకు మార్చలేదు?"

ఏం చెప్పాలో కురమోచికి తెలుసు. చెప్పడమే కష్టం. "సిగ్గేసింది. పైగా ఎలాగూ నువ్వు కొట్టించుకుంటావులే అనుకున్నాను."

బయట జనం సుగెనుమా పేరు పెట్టి అరుస్తున్నారు.

"అందరూ అదే అనుకుని ఉంటారు," అన్నాడతను. "మా ఆవిడ తప్ప. పొద్దున్న అన్నం డబ్బా కట్టిస్తూ, ఇవాళ బాగా వేస్తావు చూడు అంది. రేడియో ముందు కూర్చుని ఉంటుంది ఇప్పుడు." ఒక బూటు విప్పి పక్కన పెట్టాడు. మళ్ళీ తొడుక్కున్నాడు. "వెళ్ళి మార్చండి. దొంగ సున్నా నాకొద్దు. కానీ క్షమించమని మాత్రం నన్నడక్కండి. ఇవాళ నావల్ల కాదు."

కురమోచి అడగలేదు. మెట్లెక్కి పైకొచ్చి, ప్రకటనలు చదివే అమ్మాయి ముందున్న మైకు తన వైపు తిప్పుకున్నాడు. నెజు వింటున్నాడు, రేడియో వింటోంది, ఊరంతా వింటోంది. రెండో ఇన్నింగ్స్‌లో తప్పుగా చూపించినది హిట్టని చెప్పాడు. బంతి పోతున్నప్పుడు తను చూడలేదనీ, తప్పు తెలిశాక కూడా దాచిపెట్టాననీ చెప్పాడు. ఆ తర్వాత హిట్ మీట నొక్కాడు.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక మెత్తలూ, సీసా మూతలూ, స్క్విడ్ పుల్లలూ గది కిటికీకొచ్చి తగలడం మొదలైంది. కురమోచి కిటికీ ముయ్యలేదు.

అంతలో సుగెనుమా మైదానంలోకి వచ్చాడు. ఒక్కడే నడిచి మధ్యలో పిచర్ బంతి విసిరే మట్టిదిబ్బ మీద నిలబడ్డాడు. జనం కేకలు ఆపేశారు. బోర్డు వెనక మనిషి హిట్ల లెక్కలో సున్నా పలక తీసి, ఒకటి పలక తగిలించేదాకా అతను అటే చూస్తూ నిలబడి, తర్వాత లోపలికి వెళ్ళిపోయాడు. కురమోచి ఉన్న గది వైపు మాత్రం ఒక్కసారి కూడా తలెత్తలేదు.