దగ్గినవాళ్లు

గుండిగలో సంగటి కెలుకుతూనే జ్ఞానమణి మోచేతిని నోటికడ్డం పెట్టుకొని దగ్గింది. ఆవిరి ముఖానికి కొడుతోంది. కుడిభుజం ఎడమభుజం కన్నా కిందికి వాలి ఉంటుంది. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు.

మొగుడు పోయాక వేంపల్లె పక్క పల్లె నుంచి మైదుకూరొచ్చి, ఈ ఆడపిల్లల హాస్టల్లో వంటకు కుదిరింది. వంటింటి వెనకున్న చిన్న గదే ఇల్లు. కట్టెలు పోయి గ్యాసు వచ్చినా, పొగ పట్టిన దగ్గు మాత్రం ఆమెను వదల్లేదు. పిల్లలకది అలవాటే.

ఆ వేసవిలో కరోనా రెండోసారి విరుచుకుపడింది. పరీక్షలున్నాయని హాస్టలు మూయలేదు. హాస్టల్లో ఉండి కాలేజీలో చదువుతున్న శివాని వాళ్ల నాయన కర్నూలు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉన్నాడు. ఆరోజు పప్పు తాలింపులో ఎండుమిరపకాయలు మాడి, జ్ఞానమణికి దగ్గు తెరలుతెరలుగా వచ్చింది. అన్నం వరసలో ముందున్న పిల్ల పళ్లెం కింద పెట్టేసి వెనక్కి జరిగింది.

మధ్యాహ్నం వార్డెన్ శశికళ పిల్లల్ని వరండాలో కూర్చోబెట్టింది.

"జ్ఞానమణికి కరోనా పరీక్ష చేయించినాం. ఫలితం వచ్చేదాకా ఆమెను గదిలోనే పెట్టొచ్చు, లేదంటే కడప క్వారంటైన్‌కు పంపొచ్చు. మీరేమంటారు?"

"పంపాల్సిందే మేడం," అని వెనకనుంచి ఎవరో అన్నారు. చేతులు లేచాయి.

శివాని తల వంచుకొని కూర్చుంది. కాలేజీ తెరిచిన కొత్తలో, జబ్బు పేరుతో ఎవరినీ బలవంతంగా ఇల్లు కదిలించకూడదని తరగతిలో గట్టిగా వాదించింది తనే. నెలనెలా కడుపునొప్పికి వాము కషాయం కాచిచ్చేది జ్ఞానమణే. పొద్దున ఫోన్లో విన్న నాయన ఆయాసం ఇంకా చెవుల్లోనే ఉంది. చెయ్యెత్తింది.

వంటింటి గడప దగ్గర నిలబడి జ్ఞానమణి అంతా చూసింది.

"ఇది పొగ దగ్గమ్మా. శానా ఏండ్ల నుంచి ఉండాది."

"తెలుసు జ్ఞానమణీ. పిల్లోల్లు బయపడతాండారు."

"బయపడరా మల్ల! సరే, పోతా. రాత్రికి పిండి తీసిపెట్టినా. ఉప్పు ఎయ్యలేదు, చూసుకోండి."

వ్యాను ఎక్కేముందు ఒక్కసారి వెనక్కి తిరిగింది. పిల్లలు మేడమీద నిలబడి ముక్కుల మీదికి చున్నీలు లాక్కున్నారు.

ఫలితం వచ్చింది. జబ్బు లేదు. కానీ అప్పటికే క్వారంటైన్ హాల్లో పక్కమంచాల వాళ్లకు ఉందని తేలడంతో ఆమెను వదల్లేదు. తర్వాత జ్వరం మొదలైంది. ఒక తెల్లవారుజామున పోయింది. ఖననం కూడా అక్కడివాళ్లే చేసేశారు.

శశికళ ఆ మాట చెప్పినప్పుడు కొందరు ఏడ్చారు. ఆమె కళ్లు తుడుచుకొని, "ఇంక ఎవురినీ పంపొద్దులే. ఈడనే చూసుకుందాం. ఏమంటారు?" అంది.

శివాని లేచింది. వెక్కుతూనే అంది:

"పంపాల మేడం. ఏ జబ్బూ లేని అక్కకే వచ్చిందంటే, ఎవురికైనా వస్తాది. దగ్గినోల్లను పంపాల్సిందే."

చేతులు లేచాయి. పోయినసారి ఎత్తనివాళ్లు కూడా ఈసారి ఎత్తారు.

వంటింటి వెనక తీగమీద, వ్యాను ఎక్కినరోజు పొద్దున జ్ఞానమణి ఆరేసిన నీలం వాయిల్ చీర అట్లాగే ఉంది. ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం చాల్లేదు. ఎండపడే వైపు మాత్రం రంగు వెలిసి తెల్లబడుతోంది.