వాలీబాల్ కోర్టు కింద

మూతపడిన ఫ్యాక్టరీ స్థలంలో పార్కు కడతారట. ముందు మట్టి పరీక్ష చేయాలి. ఎక్కడ తవ్వాలో కాలనీవాళ్లే చెప్పాలని ఇంజనీరు మా కాలనీ బడిలో, ఐదో తరగతి గదిలో బల్లలు కలిపి మ్యాపు పరిచాడు. ఇంటికొక గుండుసూది, దానికి కాగితం జెండా. జెండా ఉన్నచోటే తవ్వుతారు.

పక్కింటి టైలరు తన జెండాను మా ఇళ్ల వెనక ఫ్యాక్టరీ కాలువ మీద గుచ్చింది.

"ముందు నా గుమ్మం సంగతి తేల్చండి బాబూ, తర్వాత లోకాన్ని ఉద్ధరిద్దురు గాని."

అందరూ నవ్వారు. నా జెండా ఇంకా చేతిలోనే ఉంది.

మా ఆయన ఆ ఫ్యాక్టరీలో ట్రాక్టరు నడిపేవాడు. పోయి నాలుగు నెలలైంది. పోయే ముందురోజు ఆసుపత్రిలో నాతో చెప్పాడు. నలభై డ్రమ్ముల యాసిడ్ మడ్డి, ఫ్యాక్టరీ స్థలంలోని వాలీబాల్ కోర్టు కింద. పూడ్చింది తనే. పైన చదును చేసి, పిల్లలకు సున్నంతో గీతలు గీసిచ్చిందీ తనే. కాలనీలో ఆయన పేరెత్తితే ఇవాళ్టికీ అందరూ ఆ కోర్టే తలుచుకుంటారు.

"ఏంటక్కా అంత ఆలోచన? అదేమన్నా పరీక్ష పేపరా?" అంది టైలరు.

కోర్టు మధ్యలో గుచ్చాను.

"అయ్యో, అక్కడేముంటుంది? బావగారు చెమటోడ్చి బాగుచేసిన నేల. మా పిల్ల పొద్దస్తమానం అక్కడే."

ఇంజనీరు ఫారం నా ముందుకు జరిపాడు. "కారణం రాయాలి మేడం."

రాశాను. మా ఆయన పేరు ఇంటిపేరుతో సహా రాశాను. ఏం పూడ్చాడో, ఎన్ని పూడ్చాడో రాశాను. టైలరు నా భుజం మీదుగా చదువుతూ ఉంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఆయన పోయే ముందురోజు."

"నాలుగు నెలలు," అంది. "రోజూ మీ గుమ్మం ముందు నుంచే కదక్కా, అది బంతి పట్టుకుని వెళ్లింది?"

"అవును."

ఇంకేమైనా అంటానేమోనని చూసింది. ఆయన్ని మంచివాడనుకుంటున్నారు, అలాగే అనుకోనిద్దామనుకున్నాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. పిల్ల తల్లితో అనదగిన మాట కాదది.

టైలరు చెప్పులు కూడా వేసుకోకుండా బయటికి నడిచింది. కిటికీలోంచి, కోర్టులో ఆడుతున్న పిల్లల కేకలు వినిపిస్తున్నాయి.

"ఇక్కడ సంతకం మేడం," అన్నాడు ఇంజనీరు.

సంతకం పూర్తయ్యేలోపే కేకలు ఆగిపోయాయి.