వెర్నీస్ కలిపిన తెలుపు

బర్మింగ్‌హామ్ నుంచి వచ్చిన పెద్దమనిషి గాలానికి ఎరగా కట్టే ఒక చెక్కచేపను తీసి కౌంటర్ మీద పెట్టాడు.

"పెట్టె మీద తెల్ల షాడ్ చేపపిల్ల అని రాశారు. ఇదెక్కడి తెలుపండీ? చక్కగా నీలంగా ఉంది. దీన్ని చూస్తే బాస్ చేప దగ్గరికి రావడం మాట అటుంచి, అవతలి గట్టుకి పారిపోతుంది."

ఆ గాలాల దుకాణం డెల్మర్‌ది. ఆ ఎరకు రంగు వేసిన వెర్నీస్ అప్పుడే కొత్త సరుకు పట్టుకొచ్చి, ఆ పెద్దమనిషి పక్కనే నిలబడి ఉంది. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఒక్క ఏళ్లు సాక్సుల మిల్లులో, రంగుల గదిలో పనిచేసింది. రెండు తెల్ల సాక్సులు చేతికిస్తే ఏది ఏ తొట్టిలో ఉడికిందో చెప్పగల కన్ను ఆమెది. మిల్లు మూతపడ్డాక తన కారు షెడ్డులో కూర్చుని ఎరలకు రంగులు వేయడం మొదలుపెట్టింది. అలబామాలో ఆ ఊరి సరస్సు మీద బాస్ పట్టేవాళ్లంతా ఏ నీటికి ఏ రంగని ఆమెనే అడిగేవాళ్లు.

"తేట నీళ్లా? తెలుపు, వెండి. చేపపిల్ల ఎలా ఉంటుందో అలాగే ఉండాలి, వేషాలు వేస్తే నమ్మదు. వాన పడి బురదయిందా? నలుపూ నీలమూ కలిపింది. అది కూడా కనపడనంత బురదైతే కళ్లు చెదిరే పసుపు. మార్చిలో నీళ్లింకా చల్లగా ఉన్నాయంటే ఎరుపు. రొయ్యలు బయటికొచ్చే రోజులవి," అని గడగడా చెప్పేది.

ఆమె ఆ చెక్కచేపను తీసుకుని కిటికీ దగ్గర వెలుతురులో పట్టి చూసింది. "ఇది తెలుపే," అంది.

పెద్దమనిషి డెల్మర్ వంక చూశాడు. డెల్మర్ గాలపు రీళ్లు సర్దుతున్నట్టు వెనక్కి తిరిగాడు. ఆ పెద్దమనిషి మాటే నిజమని ఆ వీపు చూడగానే వెర్నీస్‌కి తెలిసిపోయింది.

ఇంటికెళ్లి ముందు రంగుల కంపెనీని తిట్టింది. కొత్త సీసా మూత విప్పి తెల్లకాగితం మీద చుక్క వేసింది. చుక్కా పసుపుగానే ఉంది, కాగితమూ పసుపుగానే ఉంది. ఏడాదిగా ప్రతి తెలుపూ ఆమెకు పాత టీ మరకలా కనిపిస్తోంది. అందుకే ఆ పసుపు విరగడానికి ఒక చుక్క నీలం వేసేది, తర్వాత రెండు, ఈమధ్య నాలుగు. చేస్తున్నది తనకు తెలియకపోలేదు. ఎందుకు చేయాల్సి వస్తోందో మాత్రం ఆలోచించలేదు.

వెర్నీస్ వాళ్లమ్మకి నీటికాసులు, కంట్లో ఒత్తిడి పెరిగి చూపు పోయే జబ్బు. చివరి తొమ్మిదేళ్లు చూపు లేకుండా, వంటింట్లో గోడ తడుముకుంటూ బతికింది. పెళ్లి దుస్తుల్లో ఉన్న వెర్నీస్ మొహాన్ని చేతులతో తడిమి చూసుకుంది. వెర్నీస్ ఆ రోజు నుంచీ కంటి డాక్టరు గడప తొక్కలేదు. తెలుసుకుంటే నిజమైపోతుందని భయం.

పది రోజులు రంగు చల్లే ఎయిర్ బ్రష్ ముట్టుకోలేదు. పదకొండో రోజు పొద్దున్నే డెల్మర్ ట్రక్కు వచ్చి షెడ్డు ముందాగింది.

"ఎర్ర రొయ్య ఎరలు అయిపోయాయి, మిస్ వెర్నీస్. జనం నన్ను పీక్కు తింటున్నారు."

"ఒంట్లో బాగాలేదు."

"ఏమైంది?"

"నడుం."

డెల్మర్ టోపీ తీసి తల గోక్కున్నాడు. ట్రక్కులోంచి ఒక అట్టపెట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. అందులో ముప్పైకి పైగా తెల్ల షాడ్‌లున్నాయి, అన్నీ ఆమె చేతివే.

"ఇవి అమ్మేశానన్నావే?"

"మీకు చెప్పలేక అబద్ధమాడాను. పోయిన వేసవి నుంచీ దాస్తున్నాను."

"పోయిన వేసవి నుంచా!" వెర్నీస్ లేచి నిలబడింది. "నన్ను ఏడాదిపాటు పిచ్చిదాన్ని చేశావా? నలుగురూ నా వెనక నవ్వుకుంటుంటే చూస్తూ కూర్చున్నావా?"

"ఎవరూ నవ్వలేదు. నేను ఎవరికీ చూపించనేలేదు కదా."

"ఆ పెద్దమనిషికి ఎలా దొరికింది మరి?"

"మా ఆవిడ పొరపాటున బయట వేలాడదీసింది. ఇన్నాళ్లూ దాచినందుకు ఆ రోజు ఇంట్లో నాకు అక్షింతలు పడ్డాయి, ఇప్పుడు మీ వంతు. కానివ్వండి."

ఆమె తిట్టలేదు. స్టూలు మీద కూలబడి, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని వాళ్లమ్మ సంగతి చెప్పింది. డెల్మర్ అంతా విన్నాడు. చివరికి, "ఇంజను ఆపలేదు నేను. చెప్పులు వేసుకోండి," అన్నాడు.

"ఎక్కడికి?"

"డాక్టరు దగ్గరికి. మీరు రానంటే మోసుకెళ్తాను. నా నడుం నిజంగానే పట్టేస్తుంది, ఆ పాపం మీదే."

డాక్టరు చిన్న వయసు అమ్మాయి. కంట్లో చుక్కలు వేసింది, గడ్డం ఒక మర మీద ఆనించమంది, లైటు వేసింది, ఇంకేదో కొలిచింది. వెర్నీస్ రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుంది.

"మీ అమ్మగారికి నీటికాసులన్నారు కదా," అంది డాక్టరు. "మీకు ఆ జాడ లేదు. కంటి ఒత్తిడి మామూలుగా ఉంది, వెనక నరం శుభ్రంగా ఉంది. మీకున్నవి శుక్లాలు. బాగా ముదిరాయి, అందుకే అన్నీ పసుపు పట్టినట్టున్నాయి. తీసేసి కొత్త అద్దం పెడతాం."

"అంతేనా?"

"అంతే."

"మళ్లీ చెప్పమ్మా."

డాక్టరు నవ్వి మళ్లీ చెప్పింది. వెర్నీస్ కుర్చీ వదిలి బయటికి నడిచింది. బయట డెల్మర్ ఏదో తోటపని పత్రికను తలకిందులుగా పట్టుకుని కూర్చున్నాడు. ఆమె వచ్చి నిలబడగానే లేచాడు.

"శుక్లాలట, వెధవ శుక్లాలు!" అంది వెర్నీస్. అంటూనే ఏడ్చేసింది. డెల్మర్ ఆమెను కావలించుకుని, "దేవుడా, దేవుడా," అన్నాడు. ఆ రోజు దారిలో ఆగి ఇద్దరూ వేయించిన క్యాట్‌ఫిష్ తిన్నారు. వెర్నీస్ రెండో ప్లేటు కూడా తెప్పించుకుంది.

రెండు వారాలకు ఎడమకంటి ఆపరేషన్ అయింది. మర్నాడు కట్టు విప్పగానే ముందు కనబడింది డాక్టరు కోటు. ఆమె అంత తెలుపు చూసి ఎన్నాళ్లయిందో! ఇంటికొచ్చి ఒక కన్ను మూసి, మరో కన్ను మూసి, వంటింటి పరదాలు, పంచదార డబ్బా, తన చేతి మచ్చలు, అన్నీ చూసుకుంది. తర్వాత షెడ్డులోకెళ్లి ఆ అట్టపెట్టె తెరిచింది. ముప్పైకి పైగా నీలి చేపలు! పగలబడి నవ్వింది. నవ్వుతూనే డెల్మర్‌కి ఫోన్ చేసి, "ఇవి చూసి కూడా నన్ను ఏమీ అనలేదా నువ్వు?" అంది.

ఏప్రిల్ చివర్లో డాక్టరు సరేనన్నాక, ఒక శనివారం అతని పడవలో బయల్దేరారు. ముందు రోజంతా వాన. ఆకాశం ఇంకా మూసుకునే ఉంది. వాగు సరస్సులో కలిసే చోట పడవ ఆపి, డెల్మర్ నలుపూ నీలమూ కలిపిన ఎర కట్టాడు. వెర్నీస్ ఎర్ర రొయ్య కట్టింది. అరగంట గడిచినా ఒక్క చేప ముట్టలేదు.

వెర్నీస్ పడవ అంచు మీదుగా వంగి, ఇంకా ఆపరేషన్ కాని కుడికన్ను మూసుకుని నీళ్లలోకి చూసింది.

"మిస్ వెర్నీస్, పడతారు!"

"నీళ్లు బురదగా లేవు, డెల్మర్. పచ్చగా ఉన్నాయి. ఆకులు నానిన పచ్చ. ఇందులో నీ నలుపు దుంగలా ఉంటుంది, నా ఎరుపు మట్టిలా ఉంటుంది."

ఎరల డబ్బా అంతా వెతికి ఆలివ్ పచ్చ వీపు, పసుపు పొట్ట ఉన్నదాన్ని తీసి కట్టింది. నాలుగోసారి విసిరినప్పుడు గాలపు కర్ర ఒక్కసారిగా వంగింది. డెల్మర్ వల కోసం తడుముకుంటూ కూలర్‌ని తన్నేశాడు. ఐసంతా పడవలో దొర్లింది.

"వల! వల పట్టుకో ముందు! ఐసు తర్వాత ఏరుకుందువు గాని!"

నాలుగు పౌండ్ల చేప. వెర్నీస్ దాని దవడ పట్టుకుని పైకెత్తింది. వీపు ముదురాకుపచ్చ, పక్కన నల్లటి చార, కడుపు పాలలా తెల్లగా. ఆమె ఎంతకీ కదలలేదు.

"నీళ్లలో వదలండి, ఊపిరాడదు దానికి," అన్నాడు డెల్మర్.

"ఉండు. ఒక్క క్షణం చూడనీ," అంది వెర్నీస్.

చూసింది. తర్వాత వంగి, దాన్ని మెల్లగా నీళ్లలో వదిలింది.